కోరుట్ల టైపు సారు దిద్దిన దరఖాస్తు

మొన్న జగిత్యాలలో మా చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు, దాని మనవరాలు హైదరాబాదులో ఏదో కంపెనీ ఉద్యోగానికి పంపబోయే కవర్ లెటర్‌ను ఫోన్‌లో చూపించి, "అమ్మమ్మా, గిది మంచిగున్నదా?" అని అడిగింది. కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాను. ఒక్క తప్పు లేదు గానీ, ఈ పిల్ల పేరు తీసేసి పక్కింటి పిల్ల పేరు పెట్టినా తేడా తెలియదు. నా మొదటి దరఖాస్తులూ అచ్చం అలాగే ఉండేవి.

మాది మేడిపల్లి. నాయన కూలికి పోయేవాడు, అమ్మ బీడీలు చుట్టేది. ఇంటరు అయ్యాక నేను రోజూ బస్సులో కోరుట్ల వెళ్లి టైపు నేర్చుకునేదాన్ని. మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో నమూనా ఉత్తరాల పుస్తకం ఒకటి చేతులు మారుతూ తిరిగేది. అందులో ఉన్నట్టే "సవినయముగా మనవి చేసుకొనునదేమనగా" అని మొదలుపెట్టి, అవకాశమిస్తే కష్టపడి తమ మెప్పు పొందగలనని అందరమూ రాసేవాళ్లం. అలా ఎన్నో చోట్లకు పంపాను. ఎక్కడి నుంచీ జవాబు రాలేదు. ఇంకొన్నాళ్లు చూసి, నేనూ ఒళ్లో చాట పెట్టుకుని అమ్మ పక్కన బీడీలు చుట్టడానికి కూర్చోవలసిందే.

అంతలో సిరిసిల్లలో ఒక నేత కార్మికుల సంఘానికి గుమాస్తా కావాలని తెలిసింది. టైపు చేసిన దరఖాస్తును తప్పులు చూడమని మా టైపు సారుకిచ్చాను. ఆయన ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు; గొంతు పెంచి మాట్లాడగా ఎన్నడూ వినలేదు. కాగితం చదివి, "గీంట్ల నువ్వెక్కడున్నవ్ బేటీ?" అన్నారు. నేను చేసిన పనేదీ లేదు సార్ అన్నాను. "ఇంటికాడ ఊకెనే కూసుంటవా?" అని ఆయన వదల్లేదు. అప్పుడు చెప్పాను, మా వాడకట్టులో బీడీలు చుట్టే ఆడవాళ్ల కాగితాలన్నీ నేనే రాస్తాననీ, పక్కింటి పెద్దమ్మకు కార్డులో ఒక పేరు, కంపెనీ పుస్తకంలో ఇంకో పేరు పడి పింఛను ఆగిపోతే, మూడుసార్లు ఉత్తరం రాసి, ఆఫీసుకు తోడు వెళ్లి సరిచేయించాననీ.

"గదే రాయి," అన్నారు సారు.

నాకు చచ్చేంత సిగ్గేసింది. బీడీల సంగతి ఆఫీసు వాళ్లకు చెప్పుకోవడమా అనిపించింది. రాసినదాన్ని ఇంటికి తెచ్చి అమ్మకు చదివి వినిపిస్తే, చేతిలో ఆకు ఆపి, "పంపు బిడ్డా, మనమేమన్న దొంగతనం జేస్తున్నమా?" అంది.

పిలుపు వచ్చింది. ఆ రోజు ఇంటర్వ్యూకు ఎల్లారెడ్డిపేట నుంచి ఇంకో అమ్మాయి కూడా వచ్చింది. టైపు పరీక్షలో ఆమె వేలు తడబడలేదు. నాకంటే ముందే కాగితం తీసేసింది. కానీ సంఘం అధ్యక్షుడు నా దరఖాస్తు చేతిలో పట్టుకుని, "ఆ పేరు ఎట్ల మార్పిచ్చినవమ్మా? మా సాంచాల మీద పనిజేసేటోళ్లకు గూడ గిదే తిప్పలున్నది," అని మరమగ్గాల కార్మికుల సంగతి ఎత్తాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఉద్యోగం నాకిచ్చారు, రిటైరయ్యేదాకా అక్కడే చేశాను.

చేరిన వారానికే పాత దరఖాస్తుల ఫైలు సర్దవలసి వచ్చింది. అందులో ఆ అమ్మాయిదీ ఉంది. అదే పుస్తకం, అవే వాక్యాలు. ఆమె కూడా ఇంటి దగ్గర ఎవరికేం చేసిపెట్టిందో ఆ కాగితంలో ఎక్కడా లేదు. దాన్ని ఫైలులో పెట్టి కట్టేశాను గానీ, చాలా రోజులు అది మనసులోంచి పోలేదు.

ఇప్పుడు దరఖాస్తులను ముందు కంప్యూటరే చదివి ఏరుతుందట. రాసిపెట్టేదీ అదేనట. మంచిదే, తప్పులు దిద్దించుకోవడానికి ఎవరి గుమ్మమూ ఎక్కనక్కర్లేదు. కానీ తప్పులు చూసే నెపంతో ఎదురుగా కూర్చోబెట్టుకుని, మన సంగతి మన నోటితోనే చెప్పించే మనిషి కూడా ఆ అవసరంతోపాటే తప్పుకున్నాడు.