వ్యాన్ నేలలో కన్నం

అరకులో అద్దెకు తీసుకున్న ఈ క్యారవాన్‌లో పొయ్యి వెలిగించే ముందు, గ్యాసు గొట్టం అతుకుకు సబ్బు నురుగు రాసి బుడగ లేస్తుందేమోనని చూస్తాను. ఈ ఉదయం ఆ తడి సబ్బు వాసనకు మా నాన్న నడిపిన ఆసుపత్రి వ్యాన్ గుర్తొచ్చింది.

హుకుంపేట చుట్టూ కొండ ఊళ్లకు తిరిగే ఆ వ్యాన్‌లో సూదులు మరిగించడానికీ వంటకీ ఒకటే గ్యాసు పొయ్యి. దసరా సెలవులకు నేనూ వెంట వెళ్లేదాన్ని. వలిసెలు పచ్చగా పూసిన వాలుల మీదుగా, స్పిరిట్ వాసనా గిన్నెలో తొణికే చోడి అంబలి వాసనా కలిసిపోగా, బండి ఊగుతూ పోయేది. సిలిండరు దగ్గర నేలలో అరచేతంత కన్నం ఉండేది. అందులోంచి చలి ఈటెలా వచ్చి నా కాళ్లకు తగిలేది.

"దాన్ని ముయ్యకే గుంటా. గేసు గాలికన్నా బరువు. కారితే ఆ కన్నంలోంచే కిందికి పోవాల," అనేవాడు నాన్న.

ఆయుధపూజ ముందురోజు సాయంత్రం, చలికి ఓర్వలేక, అందులో గోనెపట్టా కుక్కేశాను. తీయడం మరిచాను. రోజూ గొట్టానికి నురుగు రాసి చూసే నాన్న, మర్నాడు పండుగనాడు దేవుడే చూసుకుంటాడని ఆ పని మానేశాడు. పడిశంతో ముక్కు మూసుకుపోయిన నాన్న సిలిండరుకు బొట్టు పెట్టి, కర్పూరం పళ్లెం పట్టుకుని అగ్గిపెట్టె తీశాడు. సూదుల కోసం వచ్చిన నర్సు గబుక్కున ఆయన చెయ్యి పట్టేసుకుంది.

"పూజకి అడ్డొస్తావేటమ్మా?"

"గేసు కంపు కొడతంది అన్నా! పుల్ల గీసావంటే మన ముగ్గురికీ ఒకటే హారతి!"

నాన్న సిలిండరు కట్టేసి, తలుపులన్నీ తెరిచి, వంగి గోనె లాగాడు. గొట్టం పగిలి ఉంది. నా వైపు చూశాడు. మూగిన జనం ఏటైందని అడిగితే, "తల్లి కాపాడింది," అన్నాడు. నా తప్పు దాచడానికే ఆ మాట. మర్నాటికి ఊరివాళ్లు అక్కడొక రాయికి అమ్మవారని పసుపు పూశారు.

పెద్దయ్యాక ఎన్ని వేదికలెక్కి ఎన్ని మహిమల గుట్టు విప్పానో! ఈ ఒక్కదాన్ని మాత్రం ముట్టుకోలేదు. అది నాన్న మీద ప్రేమ అనుకున్నాను, నిజానికి పిరికితనం.

నిన్న ఆ పూజ జరిగిన చోట ఆగాను. వ్యాన్ లేదు, అది నిలిచే పాక లేదు, సూదులు మరిగించే పనే లేదు, నాన్న లేడు. రాయి ఉంది. పసుపు రాస్తున్న ముసలమ్మకు అంతా చెప్పాను: కన్నం మూసింది నేను, కాపాడింది తల్లి కాదు, నర్సమ్మ.

ఆమె చెయ్యి ఆపి శ్రద్ధగా వింది.

"అయితే ఆ నర్సమ్మ పేరేటమ్మా? సెప్పు, ఆ పేరే తలుసుకుంటాను."

నాకు తెలియదు. ఆవిణ్ణి మేమంతా సిస్టర్ అనే పిలిచాం.