చెవుల కోటయ్యకు చిక్కని అర చుట్టు

గుడివాడ బస్సు డిపోలో ముప్ఫైనాలుగేళ్లు రెంచి పట్టిన మనిషి కోటేశ్వరరావు. స్క్రూడ్రైవర్ ఒక కొస ఇంజిన్‌కూ, రెండో కొస చెవికీ ఆనించి జబ్బేమిటో చెప్పేవాడు. డ్రైవర్లు చెవుల కోటయ్య అనేవారు. ఆ పేరు వింటే ఇప్పటికీ ఆయన మీసం లేస్తుంది.

అంతటివాడు అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో కూతురి గరాజ్‌లో నిలబడి, ఉసిరికాయంత ముక్కను అరచేతిలో తిప్పి తిప్పి చూశాడు.

"ఏమిటే సుధా ఇది?"

"నాక్ సెన్సర్ నాన్నా. ఇంజిన్ లోపల టకటకా కొట్టుకుంటే విని కంప్యూటర్‌కి చెప్తుంది. పాతది పోయింది, అందుకే డాష్‌బోర్డ్ మీద లైట్ వస్తోంది. మండే నుంచి కొత్త జాబ్‌కి ఈ కార్‌లోనే పోవాలి. ఆ దారిలో బస్సుల్లేవు."

"ఇంజిన్‌ను వినడానికి ఇంకో చెవా? నేను చచ్చాననుకున్నారా?"

పాతది విప్పి, కొత్తది పెట్టి, పళ్లు బిగబట్టి బిగించాడు. పైన ఇంకో అర చుట్టు. గుంతల రోడ్లు నేర్పిన బిగింపు అది. సుధ వీధి చివరిదాకా వెళ్లొచ్చేసరికి లైటు మళ్లీ వెలిగింది.

స్క్రూడ్రైవర్ ఆనించి విన్నాడు. ఇంజిన్ పసిపిల్లలా నిద్రపోతున్నట్టే ఉంది. మరి ఈ లైటు ఎవరి మాట వింటోంది?

"ముప్ఫైనాలుగేళ్ల సర్వీసు! ఒక్క దీపం కొండెక్కించలేరా?" అంది భార్య లీలావతి గుమ్మంలోంచి.

కొత్త సెన్సర్‌తో వచ్చిన కాగితం సుధ చదివింది. "ఇంతే బిగించాలట నాన్నా. ఎక్కువైతే దానికి సరిగ్గా వినపడదట."

"బిగిస్తే వినపడకపోవడమేమిటే?"

"చెవి మెలిపెడితే ఎవరికి మాత్రం వినపడుతుందండీ?" అంది లీలావతి.

కోటేశ్వరరావు చెయ్యి తనకు తెలియకుండానే చెవి మీదికి పోయింది. నమ్మకం కుదరలేదు. అయినా బోల్టు వదులు చేశాడు. పార్టుల షాపులో అరువిచ్చిన టార్క్ రెంచిని, కావలసినంత బిగియగానే టక్కుమనేదాన్ని, సుధ అందించింది. అది ఇంజిన్ హెడ్డు బోల్టులకే గాని, ఇంత చిన్న బోల్టుకా? తిప్పగానే టక్కుమంది. చాలట! చెయ్యి ఇంకో అర చుట్టు అడుగుతుంటే, ఆ చేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు. సుధ లైటు ఆర్పేసి వీధంతా తిరిగొచ్చింది. వెలగలేదు.

సోమవారం ఉదయం కారు మలుపు తిరిగేదాకా వాకిట్లో చెవి పెట్టి నిలబడ్డాడు. అంత వదులుగా ఉన్నది ఎలా వింటుంది? దారిలో ఊడితే పిల్ల ఏం కాను? కాఫీ చల్లారింది. సాయంత్రం సుధ కారు దిగుతూనే "లైట్ రాలేదు నాన్నా" అంది.

ఆయన తలూపాడు. ఆ అర చుట్టు మాత్రం ఇంకా ఆయన మణికట్టులోనే ఉంది.