నేను ఫిర్యాదు చేసిన గది

ఐర్లండ్ వచ్చి డబ్లిన్‌లో దిగిన మొదటి నెల హోటల్లోనే ఉన్నాను. కంపెనీ వాళ్ళు నాలుగు వారాలకి గది తీసిచ్చారు, ఆలోపు ఇల్లు చూసుకోవాలి. ఓడరేవు వైపు డాక్‌ల్యాండ్స్‌లో ఎటు చూసినా కొత్త అద్దాల భవనాలు లేస్తున్న రోజులవి. మా ఆఫీసుకి ఉన్న అంతస్తులు చాలక పక్క భవనంలో ఇంకోటి తీసుకున్నారు. ప్రతి సోమవారం కొత్తవాళ్ళు దిగేవారు. ఇంతమందిని పిలిచి ఉద్యోగాలిస్తున్న ఊళ్ళో ఉండటానికి ఇల్లు దొరకదేమోనన్న ఆలోచన నాకు పొరపాటున కూడా రాలేదు.

హోటల్ చవకది. ఒకటే లిఫ్ట్, అదీ వారానికి రెండు రోజులు పనిచేయదు. గదిలో మంచం పోగా మిగిలిన చోట సూట్‌కేస్ తెరిస్తే బాత్రూముకి దాని మీంచి దాటి వెళ్ళాలి. కిటికీ తెరిస్తే ఎదురు భవనం గోడ. గదిలో వంట చేయకూడదని తలుపు వెనక రాసి ఉంది కాబట్టి, టీ కోసం పెట్టిన కెటిల్లోనే దొంగతనంగా గుడ్లు ఉడకబెట్టుకునేదాన్ని.

మొదటి ఇల్లు చూడటానికి వెళ్ళిన రోజు బాగా గుర్తుంది. పది నిమిషాలు ముందే వెళ్ళాను. వీధి మలుపు దాకా జనం బారులు తీరి ఉన్నారు. ఇక్కడేదో సినిమా హాలుంది కాబోలనుకుని, ముందున్న అబ్బాయిని "ఇది దేనికి క్యూ?" అని అడిగాను. "నువ్వు వచ్చిన దానికే," అన్నాడు. అందరి చేతుల్లో ఫైళ్ళున్నాయి. జీతం కాగితాలు, పాత ఇంటి ఓనరు ఇచ్చిన ఉత్తరం, బ్యాంకు ఉత్తరం. నా దగ్గర ఆఫీసు ఐడీ కార్డు మాత్రం ఉంది. వరంగల్‌లో ఇల్లు అద్దెకి కావాలంటే ఓనరమ్మ మనల్ని కూర్చోబెట్టి ఏం తింటారు, ఎవరెవరు ఉంటారని అడుగుతుంది. ఇక్కడ ఏజెంటు ఆరుగురి చొప్పున లోపలికి పంపి, రెండు నిమిషాల్లో బయటికి పంపేశాడు. నా మొహం కూడా చూడలేదు. తర్వాతి రెండు వారాల్లో అలాంటి క్యూలు ఎన్ని చూశానో.

ఆ విసుగంతా సాయంత్రం ఫోన్లో మా ఆయన మీద కుమ్మరించేదాన్ని. ఆయన హైదరాబాద్‌లో వీసా కోసం ఎదురు చూస్తున్నాడు. ఆయన ఆఫీసు అమెరికా వేళల్లో కాబట్టి నేను ఎప్పుడు చేసినా ఎత్తేవాడు. ఆ ఫోన్లలో ఇళ్ళ తర్వాత నేను ఎక్కువగా తిట్టింది పక్క గది వాళ్ళని.

పొద్దున ఐదున్నర కాగానే పక్క గదిలో హెయిర్ డ్రయ్యర్ మొదలయ్యేది. ఒక మనిషి తల ఆరడానికి పట్టేంత సేపు కాదు, అరగంట పైనే. తర్వాత జిప్పులు లాగుతున్న చప్పుడు, తలుపు తీసి వేస్తున్న చప్పుడు, అడుగులు. మాటలు మాత్రం వినపడేవి కావు.

"ఎవరో ఏమో, పొద్దుగాల్నే మెషిన్ పెడ్తరు," అన్నాను ఒక రోజు ఆయనతో. "ఇల్లు వాకిలి లేనోళ్ళ లెక్క ఆడనే సంసారం పెట్టిన్రు."

"రిసెప్షన్ల చెప్పరాదు," అన్నాడు ఆయన. "నిద్ర లేకపోతే ఆఫీసుల ఏం పని చేస్తవ్?"

మర్నాడు చెప్పాను. రిసెప్షన్‌లో అమ్మాయి నవ్వుతూ విని, "గ్రాండ్, మేం చూసుకుంటాం," అని గది నంబరు రాసుకుంది. ఇక్కడ 'సరే' అన్నా 'బాగున్నాను' అన్నా గ్రాండే. రెండు రోజుల్లో పక్క గది నిశ్శబ్దమైపోయింది. ఆ వారం హాయిగా నిద్రపోయాను. ఆ హాయి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

శనివారం మధ్యాహ్నం లిఫ్ట్ పనిచేయక వెనక మెట్ల వైపు వెళ్ళాను. రెండో అంతస్తు మెట్ల మీద పదేళ్ళ ఆడపిల్ల పుస్తకాలు పరుచుకుని లెక్కలు చేసుకుంటోంది. సెలవు రోజు కూడా స్కూలు స్వెట్టరే వేసుకుంది. నేను పక్కనించి దిగుతుంటే కాలు తగిలి ఒక నోటుబుక్కు జారింది. తీసిచ్చేటప్పుడు అట్ట మీద పేరు చూశాను. చక్కని తెలుగు ఇంటిపేరు.

"నువ్వు తెలుగమ్మాయివా?" అని అడిగాను. ఆ దేశంలో అడుగు పెట్టాక అంత సంతోషం కలగడం అదే మొదలు.

ఆ పిల్ల కింద మెట్ల వైపు ఒకసారి చూసి, ఇంగ్లిషులో, అచ్చం ఇక్కడి పిల్లల యాసలో చెప్పింది. "మీతో మాట్లాడొద్దని మా అమ్మ చెప్పింది."

"నాతోనా? నేనెవరో మీ అమ్మకి ఎట్లా తెలుసు?"

"మీరు పక్క గది ఆంటీ కదా. రోజూ ఫోన్లో అంకుల్‌తో మాట్లాడతారు. మాకు అన్నీ వినపడేవి."

 మెట్టు మీద కూర్చుండిపోయాను. రెండు వారాల నుంచి ఆ గోడకి వీపు ఆనించి నేనేమేం మాట్లాడానో గుర్తు తెచ్చుకోవడానికి భయమేసింది. మొగుడూ పెళ్ళాల మాటలు కొన్ని. మా అత్తగారి గురించి కొన్ని. ఆపైన వీళ్ళ గురించే.

"ఇప్పుడు మేం అక్కడ లేం," అంది ఆ పిల్ల మళ్ళీ. "ఎవరో కంప్లైంట్ ఇచ్చారు. మమ్మల్ని కిందకి మార్చారు, చెత్త బిన్నుల పక్కకి. అక్కడ కిటికీ తెరవలేం, వాసన. కానీ ఐయామ్ గ్రాండ్."

అప్పుడే కింది నుంచి రెండు చేతుల్లో సంచులతో ఒకావిడ పైకి వచ్చింది. నలభై దాటి ఉంటాయి. వృద్ధుల్ని చూసుకునే కేరర్లు వేసుకునే నీలం చొక్కా, పైన కోటు. నన్ను చూసి ఆగిపోయింది. వెనక్కి తిరిగిపోదామా అని ఒక్క క్షణం ఆలోచించినట్టుంది. సంచులు కింద పెట్టి కూతురితో, "లెగమ్మా, ఆ రాతి మీద కూచుంటే జలుబు చేసిద్ది," అంది. ఒంగోలు వైపు మాట.

నేను లేచి నిలబడ్డాను.  "అక్కా, ఆ కంప్లైంట్ ఇచ్చింది నేనే," అన్నాను. తిన్నగా అదే వచ్చింది నోట్లోంచి.

"తెలుసమ్మా. మీ ఆయనకి చెప్తుంటే విన్నాగా."

పిల్ల తలెత్తి నన్ను చూసింది. దానికి అంతవరకు తెలియదు. ఆ ఫోను వేళకి నిద్రపోయి ఉండాలి, తల్లి దానికి చెప్పలేదు. ఆ చూపు నేను తప్పించుకోలేకపోయాను.

"కోపం రాలేదా అక్కా?"

"రాకుండా ఎట్టుంటదమ్మా. వచ్చింది. ఎవురి మీద చూపిచ్చుకోను?"

ఆ మెట్ల మీదే నిలబడి ఆవిడ చెప్పింది, ఒక్కో మాటా లెక్కపెట్టుకున్నట్టు, గొంతు పెంచకుండా. ఈ దేశం వచ్చి పదకొండేళ్ళయింది. పిల్ల ఇక్కడే పుట్టింది. ఉన్న అద్దె ఇంటిని ఓనరు అమ్ముకుంటానని నోటీసిచ్చాడు. ఆరు నెలలు వెతికారు. నేను నిలబడ్డ క్యూల్లోనే ఆవిడా నిలబడింది, ఒకటి రెండు ఇళ్ళ దగ్గర ఇద్దరం ఒకే వరసలో ఉండి ఉంటాం కూడా. పిల్లా, ఇద్దరి చిన్న జీతాలూ చూసి ఎవరూ ఇవ్వలేదు. భర్తకి దేశం అవతలి కొసన గాల్వేలో హోటల్ వంటింట్లో పని, అక్కడ తోటి వంటవాళ్ళతో కలిసి ఒకే గదిలో పడుకుంటాడు. తల్లీ కూతుళ్ళని, ఇల్లు లేనివాళ్ళకి చోటు చూపించే సిటీ కౌన్సిల్ వాళ్ళు ఈ హోటల్లో పెట్టారు. రెండు వారాలన్నారు. ఏడు నెలలయింది.

"యూనిఫారాలు రెండే. బాత్రూములో ఉతికి కుర్చీ మీదేస్తే ఈ చలికి ఆరిచావవు. అందుకే ఆ డ్రయ్యరు. స్కూలు ఊరికి అవతల, రెండు బస్సులు మారాల. ఇల్లు ఎటూ పోయింది, స్కూలన్నా దానికి ఉండనిద్దామని మార్చలా."

"మన వాళ్ళెవరైనా..." అని మొదలుపెట్టాను.

"అదే వద్దనేది," అంది. "మా చర్చిలో అందరికీ గాల్వే వెళ్ళిపోయామని చెప్పాం. పక్క గదిలో తెలుగు మాట వినపడంగానే నా గుండె ఆగినంత పనయింది. ఆ రోజు నుంచి టీవీ పెట్టలా. పాపకి కూడా చెప్పా, ఏం కావాలన్నా చెవిలో చెప్పమని. నువ్వు చెప్పవుగా ఎవురికీ?"

చెప్పనన్నాను. మాటలు వినపడని గదిలో ఎవరో మూగవాళ్ళుండి ఉంటారని ఒకసారి మా ఆయనతో నవ్వుతూ అన్నాను. ఆ నవ్వు వాళ్ళు విన్నారు. ఒక తెలుగు తల్లి తన పిల్లని రెండు వారాలు గుసగుసల్లో పెంచింది, ఎవరి నుంచో దాక్కోవడానికి కాదు, నా నుంచి.

నేరుగా రిసెప్షన్‌కి వెళ్ళి మేనేజర్‌ని పిలిపించాను. నాది పొరపాటని, ఆ చప్పుడు పక్క గదిది కాదని, గోడలో నీళ్ళ పైపుదని అబద్ధం చెప్పాను. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నాను. ఆయన మర్యాదగా విన్నాడు. ఫైల్లో ఉన్నదాన్ని తీసేయడం కుదరదన్నాడు. కౌన్సిల్ తరఫున వచ్చిన కుటుంబాలకి వేరే నియమాలుంటాయని ఒక కాగితం చూపించాడు. రోజూ సాయంత్రం సంతకం పెట్టాలి. వరండాల్లో ఆగకూడదు. ఇతరుల గదుల్లోకి వెళ్ళకూడదు. రెండో ఫిర్యాదు వస్తే గది పోవచ్చు. నేను అదే హోటల్లో, అదే రకం గదిలో మూడు వారాలుగా ఉంటున్నాను. నాకు ఆ కాగితం ఎవరూ ఇవ్వలేదు.

"పోనీ వాళ్ళ గది వాళ్ళకి తిరిగి ఇవ్వండి, ఖాళీగానే ఉంది కదా," అన్నాను.

"సోమవారం నుంచి బుక్ అయిపోయింది," అన్నాడు. "మీ ఆఫీసు వాళ్ళకే. ఐదుగురు వస్తున్నారు."

పైకి వచ్చేశాను. ఆ సాయంత్రం మా ఆయన ఫోన్ చేస్తే తలనొప్పిగా ఉందని పెట్టేశాను. ఆ గదిలో ఇక గట్టిగా మాట్లాడలేకపోయాను. అవతల ఎవరూ లేరని తెలిసినా.

గదుల్లో కలుసుకోకూడదు కాబట్టి, శనివారాలు ఆవిడకి డ్యూటీ ఉన్నప్పుడు పిల్లని నేను లైబ్రరీకి తీసుకెళ్ళేదాన్ని. మొదటి రోజు నాతో దాదాపు మాట్లాడలేదు. రెండోసారి భిన్నాల లెక్కల దగ్గర ఆగిపోయి పుస్తకం నావైపు తోసింది. క్షమించిందనుకోలేదు, లెక్క రాలేదంతే.

నాలుగో వారం చివర నాకు డబ్లిన్‌కి రైలు దూరంలో ఉన్న డ్రోహెడాలో చోటు దొరికింది. అక్కడి పెద్ద ఆసుపత్రిలో పనిచేసే తెలుగు డాక్టరు దంపతులు మేడ మీద గది అద్దెకిచ్చారు. రోజూ రైల్లో ఆఫీసుకి, శనివారాలు ఆ పిల్ల కోసం వచ్చేదాన్ని. ఒక ఆదివారం వాళ్ళింట్లో పదిమంది భోజనానికి చేరారు. మాటల్లో ఒక నర్సు ఆంటీ, "మా చర్చిలో పాటలు బాగా పాడేది ఒకామె, గాల్వే వెళ్ళిపోయాక ఫోన్ కూడా చేయట్లా. భర్త దగ్గర హాయిగా ఉంది, మనం ఎందుకు గుర్తుంటాం," అంది. ఆనవాళ్ళు వింటుంటే ఆవిడేనని తెలిసిపోయింది.  ఆ గదిలో ఎవరికి చెప్పినా ఆ రోజే సాయం మొదలయ్యేదేమో. మాట ఇచ్చాను కాబట్టి సాంబారు వడ్డించి ఊరుకున్నాను. అది సరైన పనో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

వాళ్ళు ఆ హోటల్లో మొత్తం పదహారు నెలలున్నారు. తర్వాత కౌన్సిల్ వాళ్ళు ఊరి చివర రెండు గదుల ఇల్లిచ్చారు. భర్త గాల్వేలో పని మానుకుని వచ్చేశాడు. అప్పటికి మా ఆయన కూడా వచ్చాడు, మమ్మల్నిద్దర్నీ భోజనానికి పిలిచారు. ఆ రోజు వాళ్ళ చర్చి వాళ్ళు కూడా ఉన్నారు. ఆవిడ నన్ను అందరికీ పరిచయం చేసింది: "సెలవులకి ఒక హోటల్లో దిగినప్పుడు పరిచయమయిందిలే." నేను అవునన్నట్టు తల ఊపాను. పిల్ల నా కంచంలో ఇంకో చేప ముక్క వేసింది.

ఈ మధ్య ఇది రాయాలనిపించి ఆవిడకి ఫోన్ చేసి అడిగాను. 

"పేర్లు పెట్టబాక," అంది. "మిగతాదంతా రాసుకో. పాప చదివిద్దేమోనని భయమా అంటే, దానికి తెలుగు చదవడం రాదు."

నేను నేర్పుతానన్నాను.

"దాన్నే అడిగి చూడు," అంది.