అద్దం బాబాయి మెరుగు

కృత్రిమ మోకాళ్లు తయారుచేసే కార్ఖానాలో, మెరుగు పెట్టే గదిలో, అందరికంటే పాత మనిషి ఆయన. తన చేతిలోంచి వెళ్లిన ముక్కలో చూసుకుని మీసం దిద్దుకోవచ్చని గొప్పలు పోయేవాడు. దాంతో అద్దం బాబాయి అయిపోయాడు. అసలు పేరు హాజరు పుస్తకానికి తప్ప ఎవరికీ అక్కర్లేదు.

మోకాలంటే ముఖ్యంగా మూడు ముక్కలు. తొడ ఎముక చివర తొడిగేది కోబాల్టు, క్రోమియం కలిపిన లోహం. కింది ఎముక మీద కూర్చునేది టైటానియం పళ్లెం. మధ్యలో తెల్లటి గట్టి ప్లాస్టిక్ దిండు. పై ముక్క మీద గీత ఉందంటే, అడుగు వేసినప్పుడల్లా ఆ ప్లాస్టిక్కును గీరుతూనే ఉంటుంది. అందుకే తనిఖీ యంత్రం ముక్క బాగుందన్నా బాబాయి నమ్మడు. బొటనవేలి గోరు ముక్క మీద జార్చి చూస్తాడు. ఎక్కడైనా తడబడిందా, మళ్లీ చక్రం దగ్గరికే.

పక్క గదిలో కొన్ని ముక్కలకు బంగారు రంగు పూత పెడతారు. అదంటే బాబాయికి ఒళ్లుమంట. "మెరుగు పెట్టడం చేతకాక రంగేస్తారు," అని భోజనాల బల్ల దగ్గర పూత మేస్త్రీని రోజూ ఏడిపించేవాడు. మేస్త్రీ మంచివాడు కాబట్టి నవ్వి ఊరుకునేవాడు.

ఇంతలో బాబాయి భార్యకు కుడి మోకాలు మొరాయించింది. మెట్లు దిగాలంటే గోడ పట్టుకుని, పక్కకు తిరిగి, ఒక్కొక్కటే. మార్చక తప్పదన్నాడు డాక్టరు. బాబాయికి ఏడవాలో ఎగిరి గంతెయ్యాలో తెలియలేదు. ఆ ఆసుపత్రికి వెళ్లే సరుకంతా ఆయన చేతి పనే మరి! ఇన్నాళ్లూ ముక్కూ మొహం తెలియని వాళ్ల కాళ్లలోకి వెళ్లింది, ఇప్పుడు సొంత ఇంట్లో తిరగబోతోంది. మందుల షాపతనితో సహా కనిపించినవాళ్లందరికీ చెప్పాడు.

"లోహం తగిలితే దద్దుర్లు, దురద లాంటివి వస్తాయామ్మా?" అని డాక్టరు అడిగాడు.

"అబ్బే, అలాంటివేం లేవండీ," ఆవిడ నోరు తెరిచేలోగా బాబాయే అనేశాడు. ఆవిడ ఆయన వైపోసారి చూసి తలూపింది.

పచ్చి అబద్ధం. పెళ్లైన కొత్తలో ఆయన కొనిచ్చిన గడియారం వారం తిరక్కుండా ఆవిడ మణికట్టంతా ఎర్రగా కందించింది. మామూలు కమ్మలు పెడితే చెవులు వాచేవి. వాటిలో ఉండే నికెల్ తన పై ముక్కలోనూ కాస్త ఉంటుందని బాబాయికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ఆ కాస్తకే ఏమవుతుందిలే అని సర్దిచెప్పుకున్నాడు. నన్నడిగితే, అంత సిగ్గుమాలిన పని ఆయన జన్మలో చెయ్యలేదు.

మర్నాడు పనిలో చెయ్యి ఆడలేదు. ఒకే ముక్కను పదిసార్లు తిప్పి చూశాడు. మధ్యాహ్నం సెలవు పెట్టి, భార్యను ఆటోలో ఎక్కించుకుని ఆసుపత్రికి వెళ్లాడు.

"నిన్న తప్పు చెప్పానండీ," అన్నాడు తల దించుకుని.

ఆవిడ వీపు మీద పట్టీలు అతికించి పరీక్ష చేశారు. నికెల్ పెట్టినచోట ఎర్రగా పొంగింది.

"చర్మానికి పడనిది లోపలా పడదని గట్టిగా చెప్పలేం," అన్నాడు డాక్టరు. "కానీ తెలిసి తెలిసి ఎందుకు? పూత ఉంటే నికెల్ ఒంటికి తగలదు, అదే పెడదాం."

బాబాయి నేరుగా పూత గదికి వెళ్లాడు. "మా ఆవిడకి మీ ముక్కేనట. కాస్త చూసి చెయ్యవయ్యా," అన్నాడు. మేస్త్రీకి పగ తీర్చుకోవడానికి అంతకంటే మంచి సమయం దొరకదు.

"పిన్నికి ఏది వెళ్తుందో నాకేం తెలుసు బాబాయ్? అందుకే అన్నీ చూసే చేస్తాను," అన్నాడతను. బాబాయి మొహం చిన్నబోయింది.

ఆపరేషనైన రెండు నెలలకు ఆవిడ తిన్నగా, ముందుకు చూస్తూ మెట్లు దిగడం మొదలుపెట్టింది. వెనకే వస్తున్న బాబాయి ఇక ఉండబట్టలేక అడిగేశాడు.

"ఆ రోజు నేను అబద్ధమాడుతుంటే నువ్వెందుకు ఊరుకున్నావే?"

"అంత సంతోషంగా మిమ్మల్ని చూసి ఎన్నేళ్లయిందో," అందావిడ, తిరిగి చూడకుండానే. "దురదే కదా, ఓర్చుకుందాంలే అనుకున్నా."

బాబాయి వెనకనుంచి చెయ్యి పట్టుకోబోతే ఆవిడ విదిలించుకుంది.

"వదలండి, నేను దిగగలను," అంటూ ఆవిడ వీధిలోకి వెళ్లిపోయింది. బాబాయి పై మెట్టు మీదే నిలబడిపోయాడు.