తాతయ్య కిందికి దిగితే ఆగిపోయే నల్లా

నా చిన్నప్పుడు నన్ను అబద్ధాలకోరు అన్న మనిషి మా తాతయ్య ఒక్కడే. అదీ నేను చేసిన తప్పుకు కాదు, ఒక నల్లా చేసిన పనికి. ఇన్నేళ్ళయినా ఆ రోజు గుర్తొస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

అప్పటి రాయదుర్గం అంటే రాళ్ళ గుట్టలు, వాటి మధ్య జొన్న చేలు, చిన్న ఊరు. ఇప్పుడు మెట్రో రైలు వచ్చి ఆగే చోట మా మేకలు మేసేవి. అది అరవైతొమ్మిది. తెలంగాణ కావాలని పట్నం అట్టుడికిపోతోంది. బడులు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి. మా తాతయ్య, ఊళ్ళు తిరిగి వైద్యం చేసే ఒక వ్యానుకు డ్రైవరు. పేరుకు వ్యాను గాని అది చక్రాల మీది ఇల్లు. లోపల డాక్టరమ్మకు మంచం, వంటకు పొయ్యి, చేతులు కడుక్కోవడానికి చిన్న తొట్టి, దాని మీద నల్లా. కాచి వడబోసిన నీళ్ళ ట్యాంకు వ్యాను నెత్తిన ఉండేది. పట్నం వైపు దారులు మూసేశారని తెలిసి, తాతయ్య ఆ వ్యానును డాక్టరమ్మతో సహా తెచ్చి మా వాకిట్లో నిలిపాడు.

మా ఇంటికి అది దేవుడు పంపినట్టే అయింది. నాన్న చెల్లెలు, మా అత్త, కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. నెలలు నిండాయి. మొదటిసారి బిడ్డ దక్కలేదు, అత్త కూడా చావుదాకా వెళ్ళి వచ్చింది. అప్పటినుంచి ఆమెకు కాన్పు అంటేనే వణుకు. ఈసారి డాక్టరమ్మ గడప ముందే ఉందన్న ధైర్యంతో కాస్త అన్నం తింటోంది, కాస్త నిద్రపోతోంది.

సరిగ్గా అప్పుడే ఆ నల్లా మొరాయించింది. తిప్పగానే బాగానే వచ్చేది. కాసేపటికి ధార సన్నబడి, దారంలా అయిపోయి, గుడగుడమని ఆగేది. డాక్టరమ్మ గుంటూరు వైపు మనిషి. మెత్తగా మాట్లాడేది గాని పట్టు వదిలేది కాదు. "పారే నీళ్ళు లేకుండా నేను కాన్పు చెయ్యలేనండి. రేపు దారి వదులుతారట. బాగుపడకపోతే వ్యాను షెడ్డుకు తీసుకుపోవాల్సిందే" అంది. చెంబుతో పోస్తామని నాయనమ్మ బతిమాలింది. కాచి వడబోసిన నీళ్ళలో చెంబులు ముంచితే ఇక కాచడం దేనికని డాక్టరమ్మ అడిగింది. అత్త గోడవైపు తిరిగి పడుకుంది.

తాతయ్య ఇంజన్ను ముక్కలు ముక్కలుగా విప్పి మళ్ళీ బిగించగల మనిషి. నల్లా ఒక లెక్కా అనుకున్నాడు. గొట్టాలు విప్పి నోటితో ఊదాడు. నల్లాలో తోలు బిళ్ళ మార్చాడు. వ్యాను ఒక పక్కకు ఒరిగిందేమోనని చక్రం కింద రాయి పెట్టాడు. నల్లా మాత్రం మారలేదు. చివరికి నన్ను లోపల నల్లా దగ్గర నిలబెట్టి, తాను నిచ్చెన వేసుకుని పైకెక్కి ట్యాంకు మూత తీసి చూశాడు. నీళ్ళు నిండుగానే ఉన్నాయట.

"ఒస్తున్నయా?" అని పైనుంచి కేక.

"మంచిగొస్తున్నయ్ తాతా" అన్నాను. నిజంగానే ధార తొట్టిలో పడి నా గౌను తడిపేస్తోంది.

తాతయ్య మూత బిగించి, చేతులు దులుపుకుని, తీరిగ్గా దిగి లోపలికి వచ్చేసరికి నల్లా నుంచి దారం. నన్ను ఎగాదిగా చూసి మళ్ళీ ఎక్కాడు. మళ్ళీ ధార. మళ్ళీ దిగాడు. మళ్ళీ దారం. ఇట్లా ఎన్నిసార్లు ఎక్కి దిగాడో! ఎండకు నెత్తి కాలి, మోకాళ్ళు కొట్టుకుపోయి, కోపమంతా నా మీదికి వచ్చింది.

"ఏంది పోరీ, నేను పైనుంటె ఒక మాట, కిందికొస్తె ఒక మాటనా? గిన్ని అబద్ధాలు ఎక్కడ నేర్చినవ్?"

ఒట్టు వేశాను, నమ్మలేదు. డాక్టరమ్మను నిలబెట్టి చూశాడు. ఆమె కూడా నీళ్ళు వస్తున్నాయనే అంది. ఆమెను అబద్ధాలకోరు అనలేడు కాబట్టి వ్యానును తిట్టాడు. నాకు వచ్చిన బిరుదు మాత్రం నాకే ఉండిపోయింది.

నేను వంటింట్లో మూల కూర్చుని ఏడుస్తుంటే నాయనమ్మ వచ్చి కూర్చుంది. ఎవరిది తప్పని అడగలేదు. నీళ్ళు సన్నబడే ముందు ఏం వినబడిందని అడిగింది. పైన మూత బిగిస్తున్న కిర్రుమనే చప్పుడు, అన్నాను. ఆ మూత ఎప్పటినుంచి అట్లా కిర్రుమంటోందని అడిగింది. దుమ్ము పడకూడదని తాతయ్య లారీ ట్యూబు కోసి మూత కింద రబ్బరు చుట్టు వేసినప్పటినుంచి. అది తన గొప్ప పనితనమని ఇంటిల్లిపాదికీ చూపించాడు కూడా. నాయనమ్మ అంది: "నువ్వు చెప్పింది నిజమే బిడ్డా. ఆయన చూసింది గూడ నిజమే. నడుమ ఏం మారిందో గదే చూడాలె."

అయితే వెళ్ళి చెప్పమన్నాను. తల అడ్డంగా ఊపింది. "ఇప్పుడు ఎవ్వలు చెప్పినా ఆయన చెవులకెక్కది. ఆయన చేతులకు చెప్పాలె."

మా ఇంట్లో గ్యాసునూనె డబ్బాకు, అందరి ఇళ్ళలో లాగే, ఎదురెదురు మూలల్లో రెండు బెజ్జాలు. ఒకటి నూనె పోసుకోవడానికి, ఒకటి గాలికి. నాయనమ్మ సబ్బుముక్క గిల్లి గాలి బెజ్జంలో కుక్కింది. దీపాల వేళ, తన చేయి నొప్పిగా ఉందని చెప్పి, లాంతరులో నూనె పోయమని డబ్బా తాతయ్య చేతికిచ్చింది. అసలే చిరాకులో ఉన్నాడు. డబ్బా వంచాడు. కొంచెం పడింది, గుడగుడమంది, ఆగింది. కుదిపితే చేతి మీద చిందింది. "గాలి సందు ఎవ్వలు మూసిన్రు దీనికి?" అని గద్దిస్తూ, గద్దింపు మధ్యలోనే ఆగిపోయాడు. బెజ్జంలో గోరు పెట్టి గీకి, వేలు వాసన చూసుకుని, డబ్బా అక్కడే పెట్టి నిచ్చెన వైపు నడిచాడు.

రబ్బరు చుట్టు పీకేసి, లోపలికి గాలి పోయేలా మూత వదులుగా పెట్టి, దాని మీద పలచటి బట్ట కట్టాడు. ఆ తర్వాత నల్లా ఎంతసేపు తిప్పినా ధార తగ్గలేదు. మర్నాడు దారి వదిలారు గాని వ్యాను కదలలేదు. ఆ వారంలోనే అత్తకు ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. తాతయ్య ఊరందరికీ తాను నల్లా బాగుచేసిన కథ చెప్పుకున్నాడు. నాయనమ్మ ప్రతిసారీ కొత్తగా విన్నట్టు "అవునా" అనేది. నేను నోరు తెరిస్తే నా తొడ మీద గిల్లేది. నాకు ఎంత కడుపు మండేదో చెప్పలేను.

చాలా ఏళ్ళకు, తాతయ్యకు చూపు మందగించాక, ఒక మధ్యాహ్నం ఆయన కాళ్ళు పిసుకుతూ ఇక ఆగలేక డబ్బా సంగతి ఎత్తాను. నవ్వాడు.

"సబ్బు వాసన నాకు తెల్వదనుకున్నవా? నాయనమ్మకు చెప్పకు, నాకు తెల్వదనుకోని ఖుషీగ ఉన్నది." నా చేయి వెతికి పట్టుకున్నాడు. "గా దినం నువ్వు అబద్ధం చెప్పలె బిడ్డా."

ఇప్పుడు మా అపార్ట్‌మెంటులో పై అంతస్తువాళ్ళు నీళ్ళు వస్తున్నాయంటారు, కిందివాళ్ళు రావడం లేదంటారు, ఒకరినొకరు అబద్ధాలకోరులంటారు. నాకు చిర్రెత్తుకొస్తుంది. అయినా నోరు చేసుకునే ముందు నాయనమ్మ అడిగినట్టే అడుగుతాను, నడుమ ఏం మారిందని. ఆమెలా చేతులకు చెప్పే ఓపిక మాత్రం నాకు ఇంకా రాలేదు.