అందని రేడియో

సొంత జీతం చేతిలో పడిన కొత్తలో మనిషికి తనంత తెలివైనవాళ్లు ఊర్లో ఇంకొకరు లేరనిపిస్తుంది. నాకైతే గట్టిగానే అనిపించింది. రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్‌లో చేరి అప్పటికి నిండా సంవత్సరం కాలేదు. మా నాయన గొర్రెలు మేపుతాడు. పొద్దున గుట్టమీదికి పోతే పొద్దు గూకేదాకా మాట్లాడే మనిషి ఉండడు, పాత రేడియో ఒక్కటే తోడు. అది మూగబోయింది. రాయదుర్గం అంగళ్లలో అడిగితే, "రేడియోలు ఇప్పుడు ఎవరు కొంటారమ్మా" అని నన్నే వింతగా చూసినారు. సరేనని ఫోన్‌లో బుక్ చేసినాను. "వస్తువు వచ్చినాక దుడ్లు ఇయ్యి మే" అని అమ్మ చెప్తాండగానే, ముందే కడితే తగ్గిస్తారని కట్టేసినాను (తెలివి అట్లాంటిది). నాయన అయితే కొత్త రేడియోను మెడకు తగిలించుకోడానికి గొర్రె ఉన్నితో తాడు కూడా పేనుకున్నాడు.

రేడియో రాలేదు. 'మీ పార్సిల్ మీకు అందింది, సంతోషం' అని మెసేజ్ మాత్రం వచ్చింది. "ఎవురికి అందింది? యాడ అందింది?" అన్నాడు నాయన. కంపెనీకి ఫోన్ చేస్తే ఒక్కోసారి ఒక్కో గొంతు. ప్రతి గొంతుకూ కథ మొదటినుంచి చెప్పాల. ఒకాయన అందని వస్తువు ఫోటో పంపమన్నాడు. ఏం చేయాలో తోచక ఖాళీ అరుగును ఫోటో తీయబోతే, నాయన ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చి దాని పక్కన కూర్చున్నాడు. అదే పంపినాను.

ఆ తర్వాత ఫోన్‌లో నా ఈడు పాప ఒకతె తగిలింది. స్పీకర్‌లో, "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామండీ" అనింది. నాయన నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు.

"చింత పడొద్దు తల్లీ, మాకు అలవాటే. ఏ ఊరు మీది?"

"గోదావరి పక్కనండీ."

"నీళ్లుంటాయా?"

"ఒక్కోసారి ఇంట్లోకే వచ్చేస్తాయండీ."

"మా తావ గొర్రెలకు కూడా ట్యాంకరు నీళ్లే. కొన్ని ఇట్లా పంపు తల్లీ, అవైనా అందుతాయేమో చూస్తాము."

ఆ పాప గట్టిగా నవ్వింది. మీ సంగతి నేనే చూస్తానండీ అని, అప్పటినుంచి సాయంత్రాలు తనే ఫోన్ చేసేది. నాయన గొర్రెల్ని తొందరగా తోలుకొచ్చేవాడు. ఒకరోజు, "డెలివరీ ఇంకా కాలేదని రాసుకోమంటారా అండీ?" అని అడిగింది. "అయింది తల్లీ, నిన్ననే. రెండు పిల్లలు" అన్నాడు నాయన, ఈనిన గొర్రె గురించి. నేను ఫోన్ లాక్కొని, "కాలేదు మేడమ్, కాలేదు" అని మొత్తుకున్నాను. ఆ పాప మాత్రం రీఫండు మాట పక్కనబెట్టి, "పిల్లలు బాగున్నాయాండీ?" అని అడిగింది.

కొన్నాళ్లకు డబ్బు వెనక్కి వచ్చింది. ఎగిరి గంతేసి నాయనకు చెప్పినాను.

"అట్లయితే ఆ పాప ఇంక చేయదా?"

"ఎందుకు చేస్తుంది నాయనా, పని అయిపాయ కదా."

నా మాట నమ్మక ఒకసారి నాతో ఫోన్ చేయించినాడు. ఎవరో మగమనిషి ఎత్తి, మీ సమస్య పరిష్కారమైందండీ అన్నాడు. "కాకముందే బాగుండె" అని నాయన లేచి గొర్రెల దొడ్డిలోకి పోయినాడు. ఆ డబ్బుతో ఇంకో రేడియో తెప్పిస్తానంటే వద్దన్నాడు. "రేడియో చెప్తాది గానీ, మనల్ని ఏమీ అడగదు కదమ్మా."

డబ్బు వచ్చిన రోజు మాత్రం కంపెనీ మీద గెలిచినానని యూనిట్‌లో మా లైను ఆడోళ్లందరికీ టీ తాపించినాను. ఎంత తెలివైనదాన్నో వాళ్లకు రెండుసార్లు చెప్పి ఉంటాను. ఇప్పుడు ఆ టీ తాపించిన పిల్ల, అంటే అప్పటి నేను, గుర్తొస్తే నవ్వొస్తుంది. ఆ రీఫండు సంగతి ఇంకో నెల నాన్చింటే ఏం పోయేది దానికి అనిపిస్తుంది. కనీసం ఆ పాప పేరన్నా అడిగింటే బాగుండేది.