ముందు తలుపు ఎవరిది

గుఢియారీలో రైలు పట్టాలకు దగ్గరగా మాది రెండు గదుల ఇల్లు, రెండు తలుపులు. ముందు గొలుసు మోగితే నాన్న లేవాలి, పెరటి తలుపు తడితే అమ్మ. రైల్వే క్వార్టర్ల నాటి అలవాటు అది. ముందు నుంచి డ్యూటీ కబురు వచ్చేది, వెనక నుంచి ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చేవారు. నాన్న రిటైరయ్యాకా మారలేదు. పక్కింటి దీదీ తోడు పెరుగు కోసం పెరట్లోకొస్తే అమ్మ లేచేది. ఆవిడే ఫ్యూజు పోయిందని ముందుకొచ్చి గొలుసు ఆడిస్తే నాన్న. ఒకరి బదులు ఇంకొకరు కదిలితే ఒట్టు!

జబల్‌పూర్ ఫార్మసీ కాలేజీలో జి-ప్రోటీన్ల పాఠం చెప్పడానికి నాకు ఈ తలుపులే దిక్కయ్యాయి. కణం పైపొరలో ఉండే రిసెప్టరే తలుపు. లోపలున్న జి-ప్రోటీన్‌కు బయట ఎవరొచ్చారో తెలియదు. హార్మోన్ వచ్చి అంటుకుంటే రిసెప్టర్ లోపలి వైపు కాస్త తెరుచుకుంటుంది. ఆ సందులో ఏ జి-ప్రోటీన్ తోక సరిగ్గా ఇముడుతుందో అదే లేస్తుంది. అందుకే ఒకే అడ్రినలిన్ ఒక తలుపు తడితే ఊపిరి గొట్టాలను వదులు చేస్తుంది, ఇంకో తలుపు తడితే రక్తనాళాలను బిగిస్తుంది.

"లేవాల్సింది లేకపోతే, మేడమ్?" అని ఒక అమ్మాయి అడిగింది.

"కొన్ని రిసెప్టర్లకు ఇంకో జి-ప్రోటీన్‌తోనూ పొసగుతుంది. కాకపోతే కాస్త ఆలస్యంగా, కాస్త బలహీనంగా," అన్నాను.

నాన్న పోయాక, ముందు తలుపు గొలుసు ఎంత మోగినా అమ్మ కదిలేది కాదు. గ్యాస్ బండ తెచ్చినతను తిరిగి వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది.

"వినబడటం లేదా అమ్మా? నా సెలవు అయిపోతోంది. నేను వెళ్లాక ఒక్కదానివీ ఎలా ఉంటావే?"

"ఇనబడతాందే తల్లీ. అది మీ నాన్న తలుపు. బస్, అంతే. నాకేటి పని?" అంటూ బియ్యం ఏరుకుంది.

కోపం దిగిపోయి భయం పట్టుకుంది. ఈవిణ్ణి ఇలా వదిలి ఎలా వెళ్లను?

ప్రయాణం రోజు పెట్టె సర్దుతుంటే గొలుసు మోగింది. కావాలనే లేవలేదు. మొండితనం నాకూ ఉంది మరి. మళ్లీ మోగింది. అమ్మ ఒకసారి నాన్న కుర్చీ వైపు చూసింది. ఒళ్లోని బియ్యం చాట పక్కన పెట్టి, మోకాళ్లు పట్టుకుని లేచి, వెళ్లి తలుపు తీసింది. దీదీ! నా ప్రయాణానికి శనగపిండి ఠేఠరీలు వేయించి తెచ్చింది.

ఆవిడ వెళ్లాక అమ్మ నా దగ్గరకొచ్చి, "ఆయన లేత్తాడేమో అని సూసేనే ఇన్నాళ్లూ," అంది. "ఇంక లేవడు, కదే?"

అమ్మను పట్టుకుని ఏడ్చేశాను.